గుండుసూదుల గదిలో ఇచ్చిన మాట

నోట్లో గుండుసూదులు లేకుండా చూస్తే బెర్నడీన్ సాబోని నేనైనా ఒక పట్టాన గుర్తుపట్టలేను. పెదాల మధ్య అయిదారు సూదులు బిగించి, ఆ సందుల్లోంచే మాట్లాడేది, ఆ సందుల్లోంచే తిట్టేది, ఆదివారం చర్చికి వెళ్ళడం కుదరకపోతే ప్రార్థన కూడా ఆ సందుల్లోంచే కానిచ్చేది. టొలీడో స్టీమర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఆడే హాలు కింద, నేలమాళిగలో, ఇరవై రెండేళ్ళు పక్కపక్క గదుల్లో పనిచేశాం ఇద్దరం. నాది లాండ్రీ, ఆవిడది కుట్టుగది. మధ్యలో తలుపు. నా మెషిన్ల ఆవిరికి ఆవిడ మోకాళ్ళు హాయిగా ఉంటాయని ఆ తలుపెప్పుడూ తెరిచే ఉంచేవాళ్ళం.

నోరు జారి కొంపలు ముంచినవాళ్ళని చాలామందిని చూశాను. నిజం చెప్పి ముంచిన మనిషిని మాత్రం బెర్నీనే చూశాను.

ఆవిడ నదికి తూర్పువైపు మనిషి, హంగేరీ వాళ్ళ పేట. తండ్రి గాజు కొలిమి దగ్గర చేతులు కాల్చుకున్నవాడు. మొగుడు లూయీ సరుకు ఓడల మీద పనిచేసేవాడు, నేను చేరేనాటికే పోయాడు. పిల్లల్లేరు. పేటలో ఆడపిల్లలకి చర్చి గౌన్లు కుట్టుకుంటూ ఉంటే, జట్టు పెట్టిన మొదటి ఏడాది కుట్టుపనికి మనిషి కావాలన్నారట. మెషిను కొనాలా వద్దా అని వాళ్ళింకా ఆలోచిస్తుండగానే, ఈవిడ తన మెషినుని మొగుడి ట్రక్కులో వేయించుకుని దిగిపోయింది. ఆఖరిదాకా అదే మెషిను. "వాళ్ళది వాడితే వాళ్ళ మాట వినాలే వెర్లీన్. నాది వాడితే నా ఇష్టం" అనేది.

ఆటగాళ్ళ చొక్కాల వీపు మీద పేర్లు కుట్టడం ఆవిడ పని. ఇప్పుడంతా అక్షరాల్ని వేడి పెట్టి అంటించేస్తున్నారు కదా, ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. "అంటించింది ఊడుతుంది. కుట్టింది చిరగాల్సిందే గానీ ఊడదు" అని ఒకే మాట. ప్రతి చొక్కాకీ మెడ లోపలివైపు ఎర్రదారంతో చిన్న ముడి వేసేది, దిష్టి తగలకుండా. వాళ్ళ అమ్మమ్మ చంటిపిల్లల చేతికి ఎర్రదారం కట్టేదట. ఆ ముడి ఉన్నట్టు చాలామంది ఆటగాళ్ళకి తెలియనే తెలియదు.

టేవియన్ మేబ్రీకి తెలుసు. పంతొమ్మిదేళ్ళప్పుడు మా జట్టులోకి వచ్చాడు, మిసిసిపీ నుంచి, నిక్కరు నడుం మీద నిలవనంత బక్కగా. నడుము దగ్గర కుచ్చు పెడుతుంటే మెడలో ముడి చూసి, "ఇదేంటి మిస్ బెర్నీ?" అన్నాడు. ఆవిడ చెప్పింది. "మా నాయనమ్మ జేబులో ఉప్పు పోసేది. ఉప్పు కంటే ఇదే నయం, కారిపోదు" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచీ ఈవిడకి కొడుకైపోయాడు. శుక్రవారం శుక్రవారం ఈవిడ ఆకుల్లో మాంసం పెట్టి చుట్టి వండిన క్యాబేజీ చుట్టలు తిననిదే కోర్టులోకి దిగేవాడు కాదు. మిగతావాళ్ళు చెమట తువ్వాళ్ళు నేల మీద విసిరికొట్టి పోయేవాళ్ళు. అతనొక్కడే తెచ్చి నా బుట్టలో వేసి, "మోకాళ్ళెలా ఉన్నాయి మిస్ వెర్లీన్?" అని అడిగి పోయేవాడు. పద్నాలుగేళ్ళు మాకే ఆడాడు. మధ్యలో రెండుసార్లు పెద్ద పెద్ద ఊళ్ళు ఎక్కువ జీతమిస్తామని పిలిస్తే వెళ్ళలేదు. పిచ్చోడా, వెళ్ళరా అని నేనే అన్నాను.

ఇక జట్టు యజమాని రస్సెల్ ప్రూయిట్. కిటికీ అద్దాల వ్యాపారం. మెత్తటి గొంతు, ఎప్పుడూ భుజం మీద చెయ్యేసే మాట్లాడతాడు. ఈ గొడవకి ముందు ఏడాది వేసవిలో ఒకరోజు మేబ్రీని వెంటబెట్టుకుని కుట్టుగదిలోకి వచ్చాడు. పైన అన్నేసి గదులున్నాయి కదా, ఇక్కడికెందుకు అనుకోకండి. పై గదుల్లో కెమెరాలున్నాయి, లాయర్లున్నారు. కింద బెర్నీ ఉంది. ఆయన లెక్కలో బెర్నీ మనిషి కాదు, మెషినులో ఒక ముక్క.

ఆవిడ మేబ్రీ వీపున అక్షరాలు గుచ్చుతోంది. నోటినిండా సూదులు.

"చూడు టేవియన్, నువ్వు నాకు కొడుకులాంటివాడివి" అని మొదలుపెట్టాడు ప్రూయిట్. "ఈసారికి సగం జీతానికి ఒక్క ఏడాది సంతకం పెట్టు. మిగిలిన దాంతో బయటి జట్టు నుంచి ఆ పొడుగాయన్ని తెస్తాను, మనం గెలుస్తాం. వచ్చే వేసవికి నాలుగేళ్ళకి నీకు రాసిస్తాను. నువ్విక్కడే ఆట ముగిస్తావు, నీ నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా, గౌరవంగా నీ చొక్కా హాలు పైకప్పుకి వేలాడదీయిస్తాను."

"కాగితం మీద పెడదామా సర్?"

"కాగితాలు పరాయివాళ్ళకి. మనకెందుకు?" అని చెయ్యి చాచాడు.

మేబ్రీ ఆ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, తువ్వాలొకటి తీసుకుని చెమట తుడుచుకున్నాడు. ప్రూయిట్ గుమ్మం దాటాక, "కదలకురా, గుచ్చుకుంటుంది" అంది బెర్నీ. ఆ గదిలో ఆవిడ మాట్లాడింది ఆ ఒక్క ముక్కే.

పొడుగాయన వచ్చాడు. మేం గెలవలేదు. ఏడాది గడిచింది, జూలై వచ్చింది.

జూలై మొదటి వారం మా ఊళ్ళో ఎవరికీ పని జరగదు. ఒప్పందం తీరిపోయిన ఆటగాడు ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు, కానీ ఆరో తారీఖు దాకా సంతకం పెట్టకూడదు. ఆ వారమంతా నోటిమాట మీదే నడుస్తుంది. మంగలి షాపులో, సాసేజీ బండి దగ్గర, చర్చి మెట్ల మీద ఎక్కడ చూసినా ఎవడు ఉంటాడు, ఎవడు పోతాడు అన్నదే గోల. మేబ్రీ సంగతి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడేదేముంది, అతను మనవాడు.

మొదటి రోజు ప్రూయిట్ నుంచి మేబ్రీకి ఫోను రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు ప్రూయిట్ టీవీలో కనిపించాడు, మొహం వేలాడేసుకుని. "మేబ్రీ వేరే దారి చూసుకుంటున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఏం చేస్తాం, ఈ కాలంలో విశ్వాసం ఎక్కడుంది?" అన్నాడు.

నా చేతిలో మడత పెడుతున్న తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఇంత పచ్చి అబద్ధమా! కళ్ళార్పకుండా!

సాయంత్రానికి హాలు ముందు జనం పోగయ్యారు. మేబ్రీ చొక్కాలు కుప్పగా పోసి తగలబెట్టారు. పద్నాలుగేళ్ళ మనిషిని పద్నాలుగు నిమిషాల్లో కాల్చేశారు. బెర్నీ ఆ మంటలోకి చెయ్యి పెట్టబోతే నేను వెనక్కి లాగాను. "అవి నా కుట్లే! నా కుట్లే అవి!" అని అరుస్తోంది. పక్కనున్నవాడు ఎవడో, "నీ కుట్లైతే ఏంటి ముసల్దానా, వాడు డబ్బుకి అమ్ముడుపోయాడు" అన్నాడు. ఈవిడ వాడి చెంప పగలగొట్టింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి!

మర్నాడు మేబ్రీ ఇంటికి వెళ్ళింది. "నువ్వెందుకు నోరు విప్పవురా? ఆయన మాటివ్వలేదా? నేను వినలేదా?" అని నిలదీసింది.

"వదిలెయ్యండి మిస్ బెర్నీ. కొన్ని మాటలు బయటికి రాకపోతేనే అందరికీ మంచిది" అన్నాడట.

ఈవిడ అది మర్యాద అనుకుంది. పిల్లాడు మంచోడు కాబట్టి పెద్దమనిషి పరువు తియ్యడం లేదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇద్దరికీ బట్టల గురించి తెలిసినంత ఆ ఒప్పందాల రూళ్ళ గురించి ఏం తెలుసు?

అయిదో తారీఖు పొద్దున. మా ఊళ్ళో పొద్దున పూట ఆటల రేడియో పెట్టని ఇల్లుండదు, ఆ రేడియోకి ఫోను చేసి వాదించని మనిషీ ఉండడు. లారీ డ్రైవర్లు, నర్సులు, ఒకసారి మా పాస్టరు కూడా. నేను డ్రయర్లోంచి బట్టలు తీస్తున్నాను. రేడియోలో ఒక గొంతు.

"హలో. నా పేరు బెర్నడీన్ సాబో. ఆ అబ్బాయి వీపు మీద పేరు కుట్టేదాన్ని."

ఆ రోజు ఆవిడ మెషిను చప్పుడు వినపడకపోతే మోకాళ్ళ నొప్పికి సెలవు పెట్టిందనుకున్నాను.

చెప్పేసింది. మొత్తం, పూస గుచ్చినట్టు. సగం జీతం, పొడుగాయన, నాలుగేళ్ళు, పైకప్పు, చెయ్యి కలపడం. "విశ్వాసం ఎక్కడుందని అడుగుతున్నాడుగా ప్రూయిట్ గారు? మా కుట్టుగదిలో పడేసుకున్నారు, వచ్చి వెతుక్కోమనండి" అంది. ఊరు ఊరంతా కారు హారన్లు మోగించింది. మొన్న చొక్కాలు కాల్చినవాళ్ళే మేబ్రీ ఇంటి ముందు పూలు పెట్టారు. బెర్నీ మధ్యాహ్నం పనిలోకి వచ్చింది, పెళ్ళికూతురి తల్లిలా వెలిగిపోతూ.

"ఎంత పని చేశావే తల్లీ! ఉద్యోగం ఊడితే?" అన్నాను.

"ఊడనీ. నా మెషిను నాది."

గంట కూడా కాలేదు, ఫోను. మేబ్రీ తరఫున ఒప్పందాలు మాట్లాడే డెలోరా క్వాల్స్ అనే ఆవిడ. ఫోను నేను పట్టుకున్నాను, ఇద్దరం విన్నాం.

"మా వాణ్ణి కాపాడాననుకుంటున్నారా అమ్మా? జీతాలకి ప్రతి జట్టుకీ ఒక హద్దుంది. కాగితం మీద లేని మాట లోపాయికారీగా ఇచ్చుకుంటే ఆ హద్దుని మోసం చేసినట్టు. ఇచ్చినవాడిదీ తప్పే, పుచ్చుకున్నవాడిదీ తప్పే. అందుకేనమ్మా వాడు నోరు మూసుకుంది! పడమటి వైపు ఒక జట్టు రెండేళ్ళకి ఒప్పుకుంది, రేపు పొద్దున సంతకం. ఇప్పుడే ఫోను చేశారు. విచారణ తేలేదాకా ముట్టుకోమన్నారు. తప్పని తేలితే ఏడాదంతా నిషేధం. ముప్ఫై మూడేళ్ళవాడిని ఏడాది కూర్చోబెడితే, ఆ తర్వాత ఎవరు పిలుస్తారు?"

బెర్నీ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే కింద పడ్డాయి. నేను వంగి ఏరుతున్నాను, ఏం చెయ్యాలో తెలియక. ఆవిడ స్టూలు మీద కూలబడి, "వెర్లీన్, నేనేం చేశానే?" అంది. మళ్ళీ అంది. పది నిమిషాల పాటు అదే మాట.

ఆ సాయంత్రం మేబ్రీ ఇంటికి నేనే తీసుకెళ్ళాను. తలుపు తీశాడు. ఈవిడ కాళ్ళు పట్టుకునేంత పని చేస్తే లేవదీసి కూర్చోబెట్టాడు. "మీరు అబద్ధమేం చెప్పలేదుగా" అన్నాడు. ఒక్క మాట, ఒక్క తిట్టు ఉంటేనా! తిడితే నాకే బావుండేది.

జట్లన్నిటి మీదా పెత్తనం చేసే లీగు తరఫున న్యూయార్క్ నుంచి లాయరొస్తోంది, పది రోజుల్లో విచారణ అని కబురొచ్చింది. దారిలో బెర్నీ అంది, "నేను అబద్ధమాడతాను."

"నువ్వా!"

"తప్పుగా విన్నానంటాను. నిజమంటే వాడు పోతాడు, అబద్ధమంటే నేను పోతాను. ఇందులో తేల్చుకునేదేముందే?"

ఆవిడ అబద్ధమాడటం నేనెప్పుడూ చూడలేదు. నా కొత్త గౌను బాగుందా అంటే బాగులేదని మొహమ్మీదే చెప్పే మనిషి. ఫాదర్ దగ్గరికి వెళ్ళి ముందే పాపం ఒప్పుకుంటానందట. ఇంకా చెయ్యని పాపానికి క్షమాపణ ఇవ్వడం కుదరదని ఆయన వెనక్కి పంపేశాడు. "అయితే చేసే వస్తాను, తలుపు తీసి ఉంచండి" అని వచ్చేసింది.

విచారణ ఊరి మధ్య హోటల్లో, కిటికీల్లేని గదిలో. మెట్లెక్కలేదు కాబట్టి బెర్నీకి తోడుగా నన్ను రానిచ్చారు, గోడ పక్కన కుర్చీ వేశారు. బల్లకి ఒకవైపు ప్రూయిట్, అతని లాయరు. రెండోవైపు మేబ్రీ, డెలోరా. మధ్యలో న్యూయార్క్ లాయరు, నెరిసిన జుట్టావిడ, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"రేడియోలో చెప్పింది మీరు మీ చెవులతో విన్నారా అమ్మా?"

"లేదు" అంది బెర్నీ. సూదుల్లేని నోటితో. "మెషిను చప్పుడు. ఏదో విని ఏదో అనుకున్నాను."

"మరి అంత వివరంగా ఎలా చెప్పారు?"

"కల్పించాను. పిల్లాడి మీద ప్రేమ కొద్దీ."

ప్రూయిట్ లాయరు అక్కడితో ఆగొచ్చుగా? ఆగలేదు. "ఈ మధ్య మతిమరుపు ఉందా మీకు? దారాల రంగులు మార్చేస్తున్నారట? రేడియోలో పేరొస్తుందని ఆశపడ్డారా?" అన్నిటికీ ఆవిడ అవును, అవును, అవును. ఒక్కో అవునుకి ఆవిడ మనిషి ఒక్కో అంగుళం చిన్నదైపోతోంది. ప్రూయిట్ జాలిగా తలూపాడు. "పాపం, ముసలితనం. బుర్ర పనిచెయ్యడం లేదు. కేసు పెట్టను లెండి. ఇన్నేళ్ళు మా ఉప్పు తిన్న మనిషి" అన్నాడు.

నేను నా బూట్ల వంక చూసుకున్నాను.

న్యూయార్క్ ఆవిడ మేబ్రీ వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఆ గదిలో అలాంటి మాట ఏదైనా జరిగిందా?"

లేదు. ఆ ఒక్క మాట అతను అంటే చాలు. డెలోరా అప్పటికే కలానికి మూత పెడుతోంది. పడమటి జట్టు ఫోను దగ్గరే కాచుకుని ఉంది. మేబ్రీ బెర్నీని చూశాడు. ఆవిడ కళ్ళతోనే బతిమాలుతోంది, అనరా, అనెయ్యరా అని.

"ఆవిడ బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా" అన్నాడు. "రేడియోలో చెప్పింది అక్షరాలా నిజం. ఆయన మాటిచ్చాడు, నేను చెయ్యి కలిపాను. రూలు తెలిసే కలిపాను."

డెలోరా చేతిలో కలం బల్ల మీద దొర్లి కింద పడింది. ప్రూయిట్ మొహం సున్నం కొట్టినట్టయిపోయింది.

"ఒరేయ్, నోర్ముయ్యి!" బెర్నీ లేచి నిలబడింది. "నోర్ముయ్యరా టేవీ! నీ కోసం ఇన్ని అబద్ధాలాడానురా, అన్నీ పాడు చేస్తావా!"

"కూర్చోండి మిస్ బెర్నీ" అన్నాడు మెల్లగా. "మిమ్మల్ని పిచ్చిదాన్ని చేసి నేను ఆడగలనా?"

న్యూయార్క్ ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఇంకొక్క ప్రశ్న అంది. "ఆ రోజు మీ ముగ్గురు కాక ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు" అన్నాడు మేబ్రీ. "మేం ముగ్గురమే."

నెల తిరక్కుండా తీర్పొచ్చింది. ప్రూయిట్‌ని ఏడాది పాటు తన జట్టు దగ్గరికే రానివ్వలేదు, పెద్ద జరిమానా వేశారు. ఏడాది తిరిగి మళ్ళీ వచ్చాడు, ఎవరి భుజం మీదో చెయ్యేసి మాట్లాడుతూ. మేబ్రీకీ ఏడాదే. కానీ ఆ తర్వాత అతన్ని ఎవరూ పిలవలేదు. తూర్పు పేట స్కూల్లో పిల్లలకి ఆట నేర్పుతున్నాడు ఇప్పుడు. బెర్నీ తన మెషినుని పక్కింటివాళ్ళ ట్రక్కులో వేయించుకుని వెళ్ళిపోయింది. ఆ స్కూలు పిల్లల చొక్కాలకి పేర్లు కుడుతోంది, మెడ లోపల ఎర్రముడి వేసి మరీ. శుక్రవారాలు క్యాబేజీ చుట్టలు మామూలే. నన్నూ పిలుస్తుంది, వెళ్తాను.

పోయిన వారం వాళ్ళ ఆట చూడ్డానికి వెళ్తే, మేబ్రీ తువ్వాలు తెచ్చి నా పక్కనున్న బుట్టలో వేసి, "మోకాళ్ళెలా ఉన్నాయి మిస్ వెర్లీన్?" అన్నాడు. నేను మళ్ళీ నా బూట్ల వంకే చూసుకున్నాను.

ఆ రోజు కుట్టుగదిలో ప్రూయిట్ చెయ్యి వదిలాక అతను చెమట తుడుచుకున్న తువ్వాలు నా బుట్టలోదే. మధ్య తలుపులో బుట్ట పట్టుకుని నిలబడ్డాను నేను, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా అంతా విన్నాను; సూదుల మీదే కళ్ళున్న బెర్నీ నన్ను చూడలేదు. హోటల్లో బెర్నీని మతిలేనిదాన్ని చేస్తుంటే, నేనూ విన్నానని లేచి ఒక్క ముక్క అనలేదు. ఉద్యోగం పోతుందని భయం, ఇంట్లో మనవలున్నారని భయం. మేం ముగ్గురమే అంటున్నప్పుడు మేబ్రీ నా వైపు చూడనైనా చూడలేదు. ఆ గదిలో అతను ఆడిన అబద్ధం అదొక్కటే.

బెర్నీకి ఇంతవరకూ చెప్పలేదు.